రాళ్లను చదువు విద్యార్థులు

మన పాఠశాల ప్రకృతిశాస్త్రపు గదిలో, బీరువా క్రింది యరలో, ఒక చెక్కపెట్టె కలదు. దానినిండ రాళ్లే. అవి యేనాటినుండి యున్నవో చెప్పగలవారు లేరు. సెలవులకు ఊళ్లకు పోయి వచ్చిన పిల్లలు తెచ్చినవి కొన్ని, ఉపాధ్యాయులు తెచ్చినవి కొన్ని. తళతళలాడు అభ్రకపు రేకులు, పాలవలె తెల్లనైన పలుగురాళ్లు, చేతికి బరువైన నల్లని గుండ్లు అందులో నున్నవి. గత శీతకాలమున విశ్వవిద్యాలయమందు భూవిజ్ఞానశాస్త్రము చదువు విద్యార్థులు కొందరు మన పాఠశాలకు వచ్చినప్పుడు, మేము మిక్కిలి యుత్సాహముతో ఆ పెట్టెను వారి ముందుంచితిమి. వారొక్కొక్క రాతిని చేతబట్టి, త్రిప్పి చూచి, నాలుకతో తడిపి, భూతద్దము కంటి కానించి పరీక్షించిరి. (నాలుకతో తడుపుట చూచి పిల్లలు నవ్విరి. తడిరాతిలో రంగులు స్పష్టముగా గనబడునట.) పిమ్మట ప్రతిదానికిని ఒకే ప్రశ్న వేసిరి: "ఇది ఏ యూరిది? ఎచ్చట దొరకినది?" మేము చెప్పలేకపోతిమి. తుదకు వారిలో నొకడు పెట్టె మూత వేయుచు, "అయ్యా, ఇవి పైన చిరునామా లేని యుత్తరములు. లోపలి యక్షరములు చదువగలము గాని, ఎవరింటి సంగతియో తెలియదు" అనెను. మాకు కొంచెము సిగ్గు కలిగిన మాట నిజము. ఆ సిగ్గే యీ వ్యాసమునకు మూలము.

భూవిజ్ఞాన సంఘమనగా నేమి? రాళ్లను, ఖనిజములను, కొండలును నదులును ఏర్పడిన తీరును తెలిసికొనగోరువారు ఒకచోట చేరి, ఒకరు చూచినది మరియొకరికి చెప్పి, చెప్పినది సరియో కాదో అందరును కలిసి పోయి చూచుటకై యేర్పరచుకొన్న కూటమి. ఇట్టివానిలో మొదటిది 1807వ సంవత్సరము నవంబరు 13వ తేదీన లండను నగరమున నొక భోజనశాలలో 13 మంది కూడి స్థాపించినది. ఊహలకంటె కంటితో చూచినదానికే యెక్కువ విలువ నీయవలెనని వారి సంకల్పము. విద్యార్థులే నడుపుకొను సంఘములలో ప్రాచీనతమమైనదిగా కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమందలి సెడ్జ్‌విక్ క్లబ్బును చెప్పుదురు. ఆడం సెడ్జ్‌విక్ అను ఆచార్యుని జ్ఞాపకార్థము అది 1880లో వెలసినది. ఈ యాచార్యుడే 1831లో డార్విను అను యువకుని వెంటబెట్టుకొని వేల్సు దేశపు కొండలలో తిరిగి, రాళ్లను చూచుట యెట్లో నేర్పినవాడు. ఆ సంవత్సరము ముగియకమునుపే డార్విను బీగిల్ అను ఓడ నెక్కెను. తరువాతి కథ లోకవిదితము.

మన దేశమున ప్రభుత్వమువారి భూవిజ్ఞాన సర్వే 1851లో కలకత్తాయందు మొదలైనది. విద్వాంసులు తమంతట కూడి నెలకొల్పుకొన్న భారత భూవిజ్ఞాన సంఘము 1958లో బెంగుళూరునందు పుట్టినది. డి. ఎన్. వాడియాగారు దాని మొదటి యధ్యక్షులు. మన తిరుపతిలో 1954వ సంవత్సరమున శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము స్థాపింపబడి, అందు ఈ శాస్త్రము నేర్పబడుచున్నది. ఆ విద్యాలయము సరిగా కొండ పాదమున నున్నది. ఇతర దేశములలో విద్యార్థులు రైళ్లెక్కి పోయి చూచునట్టి వింతలు ఇచటివారికి తరగతిగది కిటికీనుండియే కనబడును. ఇంత భాగ్యము కలిగియుండియు మనము ఇన్నాళ్లు ఆ కొండను పచ్చని గోడవలె చూచుచుంటిమి గదా యని మాకు తోచినది.

ఇట్టి సంఘములవారు చేయు పనులు మూడు నాలుగు విధములు. పండితులను పిలిపించి యుపన్యాసములు వినుట, తాము వ్రాసిన వ్యాసములు చదివి తోడివారిచేత ఆక్షేపింపించుకొనుట, సేకరించిన రాళ్లను పేర్లతో అమర్చుట మున్నగునవి గదిలో జరుగునవి. కాని వారిని చూచినవారికి తోచునదేమనగా, అసలు సంఘము గదిలో లేదు, కొండమీద నున్నది. ఒక సుత్తి, ఒక భూతద్దము, దిక్కులును వాలును చూపు క్లైనామీటరు అను యంత్రము, నీరు కలిపిన హైడ్రోక్లోరికు ఆమ్లపు చిన్న సీసా, ఒక నోటుపుస్తకము, ఇవియే వారి సామగ్రి. గోటితో గీచిన గీతపడునది బలపపు రాయి. కత్తితో గీయబడునది నాపరాయి. ఆమ్లపు చుక్క పడగానే యది బుసబుస పొంగును. కత్తికిని లొంగక, తానే గాజును గీయునది పలుగురాయి. ఈ కాఠిన్యపు మెట్లను 1812లో జర్మనుదేశీయుడైన మోస్ అను నతడు పదిగా నేర్పరచెను. అందు పలుగురాయిది ఏడవ మెట్టు, వజ్రముది పదియవది.

వారి వెంట ఒక దినము తిరుగుటకు మాకును, పై తరగతుల పిల్లలు కొందరికిని అవకాశము కలిగినది. అనుమతి పొంది, తిరుమల కనుమదారిలో నొక చోట దిగితిమి. మేము ఆ త్రోవను ఎన్ని మారులు పోయితిమో లెక్కలేదు. అయినను ఆనాడు చూచినది అంతకుముందెన్నడును చూచియుండలేదు.

దారి ప్రక్కన కోసిన గట్టులో క్రిందిభాగమున గ్రానైటు. అందు పొరలు లేవు. పెద్ద పెద్ద పలుకులు, తెలుపును గులాబియు బూడిదవర్ణమును కలిసియున్నవి. చంద్రగిరి దుర్గపు కొండయు ఈ జాతి రాతిదే. దానిపైన, పుస్తకములు ఒకదానిపై నొకటి పేర్చినట్లు, పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు. ఇది గట్టిపడిన యిసుకయే. దిగువ తిరుపతినుండి చూచునప్పుడు కొండ తలకట్టున నిలువుగోడవలె కనబడు ఎర్రని చరియ యిదియే. ఈ రెంటికిని నడుమ నొక గీత. విద్యార్థిని యొకతె తన యరచేతిని ఆ గీతమీద ఆనించి, బొటనవ్రేలు క్రింది రాతిని, చిటికెనవ్రేలు మీది రాతిని తాకునట్లు పెట్టి, "ఈ జానెడు మేరలో తక్కువలో తక్కువ 50 కోట్ల సంవత్సరములు కనబడకపోయినవి" అనెను.

పిల్లలకు అర్థము కాలేదు. మాకును వెంటనే అర్థమైనదని చెప్పజాలము. ఆమె చెప్పిన విధమును మా మాటలలో వ్రాయుచున్నాము. కరణముగారి దప్తరములో ఫసలీ వారీగా లెక్కలు వరుసగా కట్టియుండును. నడుమ నేబది యేండ్ల కాగితములు చెదలు తినిపోయినచో, దానికి పైకట్టయు క్రిందికట్టయు ఒకదాని నొకటి అంటియున్నను, ఒకదానిలో తాత పేరు, రెండవదానిలో మనుమని పేరు ఉండును. కొండయందును అట్లే. గ్రానైటు భూమిపైన పుట్టునది కాదు. మిక్కిలి లోతున, కరగిన రాయి మెల్లగా చల్లారి గడ్డకట్టినగాని అంత పెద్ద పలుకులు ఏర్పడవు. అట్లు లోపల పుట్టినది బయటపడవలెనన్న, దానిమీదనున్న కిలోమీటర్ల మందపు రాతి యంతయు ఎండకు పగిలి, వానకు కరగి, యేళ్లలో కొట్టుకొని పోవలెను. అటుపిమ్మట ఆ బోడినేల నీట మునిగి, దానిపై ఇసుక పేరుకొని, ఆ యిసుక బరువునకు గట్టిపడి రాయి కావలెను. క్రింది రాతి వయస్సు 210 కోట్ల సంవత్సరములకు పైబడినదనియు, మీది క్వార్ట్‌జైటు సుమారు 160 కోట్ల సంవత్సరములదనియు చెప్పుట వాడుక. పరికరములు మెరుగైన కొలది యీ లెక్కలు కొంత మారుచునే యున్నవి. పులివెందుల ప్రాంతమున ఇట్టి పొరలలో చొచ్చుకొనిన యొక నల్లరాతి పలక 188 కోట్ల సంవత్సరములదని యిటీవల తేలినది. కాబట్టి సంఖ్యలను పట్టుకొని వాదింపక, గీతను చూడుడని వారు మాకు చెప్పిరి.

స్కాట్లండు దేశమున సముద్రపుటొడ్డున ఇట్టి గీతనే 1788లో జేమ్సు హట్టను చూచి, భూమి వయస్సు మనుష్యులు తలచినదానికంటె ఎంతో యెక్కువయని గ్రహించెను. మన గీతకు శాస్త్రజ్ఞులు ఎపార్కియను అసమవిన్యాసమని పేరు పెట్టిరి. భారత భూవిజ్ఞాన సర్వేవారు దీనిని జాతీయ భూవైజ్ఞానిక స్మారకముగా ప్రకటించియున్నారు. తిరుమలయందలి శిలాతోరణమునకును ఆ గౌరవమే కలదు. 8 మీటర్ల వెడల్పును 3 మీటర్ల యెత్తును గల ఆ తోరణమును మనుష్యహస్తము చెక్కలేదు. క్వార్ట్‌జైటులోని మెత్తని భాగములను గాలియు నీరును తినివేయగా గట్టిభాగము కమానువలె మిగిలినది. ఆ రెండు చోట్లను విద్యార్థులు సుత్తులను సంచిలోనుండి తీయలేదు. ఒక పిల్లవాడు జ్ఞాపకార్థము చిన్న ముక్క కొట్టి యిమ్మని యడుగగా, "నీవంటివారు దినమునకు పదిమంది యడిగినచో, నీ తమ్ముడు వచ్చునాటికి చూచుటకేమియు మిగులదు" అని సమాధానము వచ్చినది. సుత్తిని బిరుదువలె ధరించువారు దానిని దాచిపెట్టుకొనుట నేర్చియుండుట మాకు మిక్కిలి నచ్చినది.

మరికొంత దూరమున పడియున్న పలకమీద అలల గుర్తులు కనబడినవి. నదీతీరమున తడియిసుకపై నీరు విడిచిన చాళ్లవంటివే, కాని రాతిలో. మా పిల్లలలో నొకడు మదనపల్లె ప్రక్క పల్లెవాడు, సముద్రము నెన్నడును చూడనివాడు. వాడు చాలసేపు ఆ చాళ్లపై వ్రేళ్లు నడిపించి, "అయితే సముద్రమే మన యింటికి వచ్చినది" అనెను. మేము ఏ పాఠ్యపుస్తకమునుండియు అంతకంటె బాగుగ చెప్పియుండలేము.

ఈ చదువు వినోదమునకు మాత్రమే యని యెవరైన తలతురేమో. 2021వ సంవత్సరము నవంబరులో మన సీమయందు కురిసిన మహావర్షములు అందరికిని జ్ఞాపకమే. రాజంపేటవైపున చెయ్యేటిపై అన్నమయ్య జలాశయపు కట్ట తెగినది ఆ నెలలోనే. ఆ వానల తరువాత డిసెంబరు 1వ తేదీన తిరుమల రెండవ కనుమదారిపై పెద్ద బండలు విరిగిపడి, వాహనములు నిలిచిపోయినవి. బండలు ఏల పడును? పొరరాతిని నిలువున చీల్చుచు నెర్రెలు ఉండును. వాననీరు నెర్రెలలో దిగి మట్టిని కడిగివేయును, చెట్లవేళ్లు వానిని వెడల్పు చేయును, ఎదుటివైపున దారికై గట్టును కోసియుందురు గనుక ఆనుకొనుటకు తావుండదు. నెర్రెలు దారివైపునకు వాలియున్నచో అపాయము, కొండలోనికి వాలియున్నచో కొంత నెమ్మది. కావున నెర్రెలు ఏ దిక్కున సాగినవో, ఎంత వాలినవో వందలకొలది కొలిచి, వృత్తాకారపు పటముపై చుక్కలుగా గుర్తించినచో, ఏ మలుపున నెట్లు జాగ్రత్తపడవలెనో ఇంజనీర్లకు చెప్పవచ్చును. ఎండలో నిలువబడి, క్లైనామీటరు ఆనించి, ఒక సంఖ్య చదివి, ఒక సంఖ్య వ్రాసికొని, మరల ఆనించు ఈ పనిలో సొగసేమియు లేదు. మా పిల్లలు అరగంటలో విసిగిరి. ఆ విద్యార్థులు మధ్యాహ్నము వరకును విడువలేదు.

తిరిగి వచ్చునప్పుడు చంద్రగిరి దాటిన పిమ్మట, మామిడితోటలో వారు యంత్రము తీయుట చూచి యొక రైతు దగ్గరకు వచ్చెను. "నాయనా, మూడు బోర్లు వేయించితిని, మూడింటను దుమ్మే వచ్చినది. నాలుగవదానికి ఇంటిది మెడలోని గొలుసు తీసి యిచ్చినది. మీ గడియారము నీళ్లెక్కడనో చూపునా సామీ?" అని యడిగెను. ఆ కుఱ్ఱవాడు వెంటనే ఏదో చెప్పి మెప్పు పొందవచ్చును. అట్లు చేయలేదు. "అయ్యా, ఇది దిక్కు చూపును గాని నీళ్లు చూపదు. మీ పొలములో తిరిగి చూడనిండు" అని, ఇద్దరు ముగ్గురు గంటసేపు తోటయంతయు కలియతిరిగిరి.

గ్రానైటు నేలలో నీరు చెరువువలె నిలిచియుండదు. పైన మొరము, దానిక్రింద పగుళ్లుగల రాయి, అంతకుక్రింద ఏకశిల. నీరుండునది మొరములోను పగుళ్లలోను మాత్రమే. ఏకశిలలో ఎన్ని అడుగులు దించినను దుమ్మే వచ్చును. చిత్తూరుసీమలో ఇంకొక విశేషము కలదు. గ్రానైటును చీల్చుకొని నల్లని డాలరైటు రాయి గోడలవలె మైళ్లకొలది సాగియుండును. మనవారు నల్లగ్రానైటని చెక్కి యమ్ముకొనునది యిట్టి రాతినే. భూమిక్రింద నిట్టి గోడ యడ్డముగ నున్నచో, పల్లమునకు పోవు నీరు దానివెనుక, కట్టవెనుక నిలిచినట్లు, నిలుచుట కలదు. అందుచే గోడకు ఎగువనున్న బావిలో నీరును, దిగువనున్న బావిలో బురదయు చూచుచుందుము. ఈ రైతు మూడు బోర్లును దిగువవైపుననే యున్నవి. గట్టున వరుసగా పడియున్న నల్లగుండ్లను చూపి, విద్యార్థి, "ఈ వరుసకు ఎగువ, మొరము లోతుగానున్నచోట, ముందు విద్యుత్తుతో భూమిని పరీక్షించువారిని పిలిపింపుడు. నీరు పడునని నేను మాట యీయలేను. దిగువ మాత్రము వేయింపకుడు" అనెను. రైతు మొగమున ఆశాభంగము కనబడినది. కొబ్బరికాయ చేతబట్టి నడచువాడు ఇంతకంటె ధైర్యముగా చెప్పును గదా! కాని ఆ గొలుసు విలువ తెలిసినవారికి, "మాట యీయలేను" అను పలుకులోని దయయు తెలియును.

సత్యవేడు మాట చెప్పక విడుచుటకు మనసొప్పకున్నది. అచటి కొండలలో గుండ్రని క్వార్ట్‌జైటు గుండ్లు మట్టిలో పొదిగినట్లుండును. పూర్వపు క్వార్ట్‌జైటు కొండలు విరిగి, నదులలో దొరలి, రాక్షసిబల్లుల కాలమున మరల పేరుకొని రాతిగా నేర్పడినవి. అవి తిరిగి విడివడి దక్షిణముగ పోయి, ఇప్పటి తమిళనాడులోని అత్తిరంపాక్కము చేరువ పరచుకొన్నవి. 1863వ సంవత్సరమున సర్వే యుద్యోగులైన రాబర్టు బ్రూసు ఫుట్టు, విలియము కింగు అను నిరువురు అచట మానవుడు చెక్కిన రాతిగొడ్డళ్లను కనుగొనిరి. అవి క్వార్ట్‌జైటువే. ఇటీవలి పరీక్షలలో అక్కడి ప్రాచీన పనిముట్లు సుమారు 15 లక్షల సంవత్సరములవని తేలినది. ఆ కింగే కడప, కర్నూలు రాతిపొరలను సంవత్సరములకొలది నడచి చూచి, 1872లో పెద్ద గ్రంథము ప్రకటించెను. ఇసుక రాయియై, రాయి గుండై, గుండు గొడ్డలియై మనుష్యుని చేతికి వచ్చుటకు పట్టిన కాలమును తలచుకొనిన తల తిరుగును. సర్వే యుద్యోగులు ఖనిజములు వెదకబోయి మనుష్యుని జాడ కనుగొనుటయు విచిత్రమే.

కుప్పమువైపు పోయినచో బంగారపు కథ. కోలారు రాతిపట్టి మన సరిహద్దు దాటి చిగరగుంట, బిసానత్తములవరకు సాగియున్నది. పలుగురాతి చారలలో బంగారము కంటికి కనబడనంత సన్నముగా నుండును. కంటికి మెరయునది సాధారణముగా కాకిబంగారమే. మన పెట్టెలోనిదియు అదియే. కోలారు గనులు 3 కిలోమీటర్లకు మించిన లోతునకు పోయి, 2001లో మూతపడినవి. ఉత్తరముగ మంగంపేటలో ముగ్గురాతి గని కలదు. నూనెబావులు త్రవ్వునప్పుడు బరువుకై ఈ రాతిపొడిని బురదలో కలిపి దించుదురు. మన వాకిళ్లలో ముగ్గువేయు రాయి సముద్రములు దాటిపోవుట యందుచేతనే.

ఆడపిల్లల తల్లిదండ్రులు కొందరు మమ్ములను అడిగిన సందేహమొకటి కలదు. కొండలవెంట గనులవెంట తిరుగు చదువు బాలికలకు తగునా యని. 1952 నాటి గనుల చట్టము స్త్రీలను భూమిక్రింది పనికి రానీయలేదు. 2019లో ప్రభుత్వము కొన్ని నియమములతో ఆ నిషేధమును సడలించినది. మేము వెళ్లిన దినమున నోటుపుస్తకము అందరికంటె శ్రద్ధగా వ్రాసినది, గీతమీద చేయి పెట్టి మాకు పాఠము చెప్పిన ఆ విద్యార్థినియే. ఆమె తండ్రి పలమనేరు ప్రాంతపు వ్యవసాయదారుడు. మొదట ఆయనయు ఈ ప్రశ్నయే వేసెనట. ఊరి బావులన్నిటి లోతును ఆమె సెలవులలో కొలిచి పట్టిక వ్రాసిన పిమ్మట మరల అడుగలేదట.

మన పెట్టె సంగతి. పాతరాళ్లను పారవేయలేదు. పోల్చి చూచుటకు పనికివచ్చునని వారు చెప్పిరి. క్రొత్త రాళ్లకు మాత్రము నియమము పెట్టితిమి. రాతితోపాటు చిన్న కాగితముపై ఊరు, ఊరికి ఏ దిక్కున ఎంత దూరము, గట్టునుండి తీసినదో నేలపై దొరికినదో, తేదీ, తెచ్చినవాని పేరు వ్రాసి యీయవలెను. దేవాలయముల చెంతనుండి గాని, స్మారకములనుండి గాని, ఇతరుల పొలమునుండి అడుగకగాని తేరాదు. ఇంతవరకు పదునొకండు రాళ్లు చేరినవి. పదునొకండవది నిన్ననే వచ్చినది. చంద్రగిరికి పడమట, మామిడితోట గట్టునుండి, నల్లగుండు, తోటయజమాని యనుమతితో తీసినది. తెచ్చిన పిల్లవాడు కాగితము వెనుక ఇంకొక పంక్తి వ్రాసినాడు: ఎగువవైపున ఇంకను బోరు వేయలేదు, పరీక్ష చేయువారు వచ్చు సోమవారము వత్తురు.